పచ్చ ఎక్కడికి దిగుతోంది

వెడల్పాటి పళ్లెంలో సున్నపుతేట. దాని ముందు కళ్లు పచ్చబడ్డ మనిషి చేతులు చాచి కూర్చుంటాడు. కామెర్లు కడిగే పెద్దమనిషి ఆ చేతుల్ని మోచేతి నుంచి వేళ్ల దాకా తన అరచేతులతో రుద్దుతూ సున్నపుతేట పోస్తాడు. రెండు నిమిషాలు తిరక్కుండానే పళ్లెంలో నీళ్లు పసుపు రంగుకు తిరుగుతాయి. చుట్టూ ఉన్నవాళ్లు మెడలు సాచి చూసి "దిగుతోంది, దిగుతోంది" అంటారు. ఇంకో రెండు ఆదివారాలు వస్తే మొత్తం దిగిపోతుందని చెప్పి పంపిస్తారు.

అక్కడ దిగింది కామెర్లు కాదు, మామిడి బెరడు. కడిగే మనిషి ముందుగానే బెరడు నలగ్గొట్టి తీసిన రసం తన చేతులకు పూసుకుని ఆరబెట్టుకుంటాడు. దానికి సున్నం తగిలితే పసుపు తేలుతుంది. ఏ జబ్బూ లేని మనిషి చేతులు కడిగినా అదే రంగు వస్తుంది. హేతువాదులు ఊళ్లలో ఈ చిట్కాను ఎన్నోసార్లు అందరి ముందూ చేసి చూపించారు. అయినా పళ్లెం దగ్గరికి వెళ్లేవాళ్లు వెళ్తూనే ఉన్నారు. దానికి కారణం మూఢత్వం ఒక్కటే కాదు. ఆ సంగతి చివర్లో.

మామిడి మీదే బతికే నూజివీడు ప్రాంతంలో చెట్టు నుంచి పసుపు రావడం ఎవరికీ వింత కాదు. చిన్నరసాలు, పెద్దరసాలు, బంగినపల్లి, కలెక్టరు కాయల పేర్లు తెలిసినంత సహజంగా చెట్టు సొన చేతికంటితే ఎలా కాలుతుందో, బెరడు చెక్కితే గోళ్లకు ఏ రంగు పడుతుందో ఇక్కడివాళ్లకు తెలుసు. ఆ రంగు వెనక ఉన్న పదార్థాల్లో ముఖ్యమైనది మ్యాంజిఫెరిన్. ఆకులోనూ బెరడులోనూ దండిగా ఉంటుంది. చెట్టు శాస్త్రీయ నామం మ్యాంజిఫెరా నుంచే దానికి ఆ పేరు వచ్చింది.

ఈ పదార్థానికి ఒక పాత కథ ఉంది. కామెర్లు కిడ్నీకి ఎలా చుట్టుకుంటాయో చెప్పడానికి ఇంతకంటే మంచి దారి దొరకదు. యూరప్ చిత్రకారులు ఒకప్పుడు 'ఇండియన్ యెల్లో' అనే రంగు వాడేవారు. దాన్ని దేనితో చేస్తారో వాళ్లకు చాలాకాలం తెలియలేదు. 1883లో త్రైలోక్యనాథ్ ముఖర్జీ అనే అధికారి ఆరా తీసి లండన్‌కు ఉత్తరం రాశాడు. బీహార్‌లోని ముంగేర్ పక్కన ఒక ఊళ్లో గొల్లలు ఆవులకు మామిడాకులూ నీళ్లూ మాత్రమే పెట్టి, వాటి మూత్రం పట్టి, కాచి, ఉండలు కడుతున్నారన్నది అందులోని కబురు. ఈ కథను చాలామంది చాలాకాలం నమ్మలేదు. ఈమధ్య పాత రంగు నమూనాలను పరీక్షించినవాళ్లు అది నిజమేనని తేల్చారు. ఆకులోని పసుపు పదార్థం ఆవు ఒంట్లో రూపం మార్చుకుంటుంది. కాలేయం దానికి గ్లూకురోనిక్ ఆమ్లం అనే చక్కెర జాతి పదార్థాన్ని తగిలిస్తుంది. అది తగిలాక నీళ్లలో కరిగే గుణం వస్తుంది. కరిగింది గనుక కిడ్నీ దాన్ని మూత్రంలోకి వదిలేస్తుంది.

మనిషి ఒంట్లో కామెర్ల పసుపుకు కారణమైన బిలిరుబిన్‌కూ కాలేయం చేసే పని సరిగ్గా ఇదే. కాలం తీరిన ఎర్ర రక్తకణాలు విరిగినప్పుడు రోజుకు సుమారు 250 నుంచి 300 మిల్లీగ్రాముల బిలిరుబిన్ పుడుతుంది. పుట్టినప్పుడు అది నీళ్లలో కరగదు. రక్తంలోని అల్బుమిన్ అనే ప్రొటీన్‌ను గట్టిగా పట్టుకుని తిరుగుతుంది. కిడ్నీ జల్లెడ అల్బుమిన్‌ను దాటనివ్వదు కాబట్టి బిలిరుబిన్ కూడా దాటదు. కాలేయంలోకి వెళ్లి గ్లూకురోనిక్ ఆమ్లం తగిలించుకున్నాక పైత్యరసంతో కలిసి పేగులోకి పోతుంది. మలానికి రంగు దాని నుంచే వస్తుంది. ఆ దారి మూసుకుపోతే, లేదా కాలేయమే వాచిపోయి పైత్యరసాన్ని బయటికి పంపలేకపోతే, కరిగే బిలిరుబిన్ రక్తంలోకి ఎగదన్నుతుంది. దానికి అల్బుమిన్‌తో పట్టు కాస్త సడలి ఉంటుంది. కొంత భాగం జల్లెడ దాటుతుంది. మలం సుద్దలా తెల్లబడి మూత్రం కషాయం రంగుకు వచ్చిందంటే పైత్యం దారి మళ్లిందని అర్థం. పేగుకు పోవలసింది కిడ్నీకి పోతోంది.

పుట్టుకతోనే గ్లూకురోనిక్ ఆమ్లం తగిలించే శక్తి లేని క్రిగ్లర్-నజ్జార్ జబ్బు పిల్లల్లో ఒంట్లో బిలిరుబిన్ విపరీతంగా పేరుకుంటుంది. మెదడుకు ప్రమాదం. మూత్రం రంగు మాత్రం మామూలే, కిడ్నీలకూ ఈ బాధ లేదు. అంటే పచ్చదనం ఎంత ఉందన్నది ఒక్కటే లెక్క కాదు. అది ఏ రకం, ఏ దారిన పోతోంది అన్నదీ చూడాలి.

పైత్యరసంలో బిలిరుబిన్ ఒక్కటే ఉండదు. పిత్తామ్లాలు కూడా ఉంటాయి. కొలెస్టరాల్ నుంచి కాలేయం తయారుచేసే ఈ ఆమ్లాలు పేగులో నూనెను విడగొట్టే సబ్బులు. తోటలో మందు కొట్టేటప్పుడు ద్రావణం ఆకుకు అంటుకోవాలని కాస్త సబ్బునీళ్లు కలుపుతారు గదా, అలాంటి పనే. సబ్బు పేగులో ఉన్నంతసేపు మేలే. అదే సబ్బు కిడ్నీ నాళాల్లోని సున్నితమైన కణాల మీద గంటలు, రోజులు పారితే కణం గోడలే కరగడం మొదలవుతుంది. పూర్వం ప్రయోగశాలల్లో 'హే పరీక్ష' ఉండేది. మూత్రం మీద గంధకం పొడి చల్లితే తేలాలి. మునిగిందంటే అందులో పిత్తామ్లాలు ఉన్నట్టే. సబ్బు కలిసిన నీటికి పొడిని పైన మోసే పట్టు ఉండదు. మామిడి పూతకు బూడిద తెగులు వస్తే కొట్టే గంధకంతో ఈ పరీక్ష చెయ్యబోతే కుదరదు. అది నీళ్లలో కలిసేలా ముందే తయారుచేసిన గంధకం, మంచినీళ్లలోనూ మునుగుతుంది.

పచ్చబడ్డ మూత్రపిండాలను వైద్యులు చూడటం కొత్తేమీ కాదు. కామెర్లతో చనిపోయినవారి కిడ్నీలు పసుపు, ఆకుపచ్చ రంగులో ఉండటాన్ని 1899లోనే జర్మనీ వైద్యుడు హైన్‌రిక్ క్వింకె రాసిపెట్టాడు. 1922లో న్యూయార్క్‌లోని రాక్‌ఫెల్లర్ సంస్థలో హెస్లర్, రౌస్, బ్రౌన్ కుక్కల పైత్యనాళం కట్టి చూశారు. కిడ్నీ నాళాల్లో రంగు పేరుకుని, రంగు పట్టిన దిమ్మలు మూత్రంలోకి రావడం గమనించారు. ఈ దిమ్మల్నే పైత్యపు కాస్టులు అంటారు. నాళంలో రాలిన కణాలు, అక్కడ మామూలుగా ఊరే ఒక జిగట ప్రొటీన్, బిలిరుబిన్ కలిసి గడ్డకట్టి గొట్టం ఆకారంలోనే అచ్చు పడతాయి. కాలువలో తూటికాడ అడ్డం పడ్డట్టు వెనక నీళ్లు నిలిచిపోతాయి.

సూక్ష్మదర్శిని కింద ఈ కాస్టు పసుపుగా, ఒక్కోసారి గోధుమ రంగులో కనిపిస్తుంది. అది పైత్యమేనని రుజువు చెయ్యడానికి 'హాల్' అనే రంజనం వేస్తారు. అప్పుడు పసుపు బిలిరుబిన్ ఆకుపచ్చ బిలివెర్డిన్‌గా మారి కాస్టు ఆకుపచ్చగా వెలుగుతుంది. తెలుగులో పసుపునూ పచ్చే అంటాం, ఆకు రంగునూ పచ్చే అంటాం. రెండింటికీ ఒకటే మాట ఏమిటని భాషను వెక్కిరించేవాళ్లు ఒకసారి ఈ గాజుపలక చూస్తే బాగుంటుంది.

ఇంత పాత సంగతి తర్వాత దశాబ్దాల పాటు ఎందుకు మరుగున పడింది? దానికి కారణం మరో గొప్ప పరిశోధన. కాలేయం చెడినవారిలో కిడ్నీ ఆగిపోతే దాన్ని 'హెపటోరీనల్ సిండ్రోమ్' అంటారు. 1969లో అమెరికాలో కాపెల్ బృందం ఆ స్థితిలో చనిపోయినవారి కిడ్నీలను వేరేవాళ్లకు అమర్చితే అవి చక్కగా పనిచేశాయి. అంటే కిడ్నీలో లోపం లేదు, దానికి అందే రక్తమే తగ్గిందని తేలింది. మోటారు బాగానే ఉంది, బావిలో నీళ్లు లేవు. ఈ వివరణ ఎంత అందంగా ఉందంటే, కామెర్ల రోగి కిడ్నీలో పచ్చ కనిపించినా శవపరీక్షలో దొరికే మామూలు మరకగానే లెక్కవేశారు.

2013లో షికాగో వైద్యులు వాన్ స్లాంబ్రూక్ బృందం ఆ మరకను మళ్లీ లెక్కించింది. కామెర్లున్న 44 మంది కిడ్నీ కణజాలం చూస్తే 24 మందిలో పైత్యపు కాస్టులు. హెపటోరీనల్ సిండ్రోమ్ అని రాసిన 13 మందిలో 11 మందికి ఉన్నాయి. మద్యం వల్ల కాలేయం గట్టిపడిన పదిమందిలో పదిమందికీ ఉన్నాయి. నాలుగేళ్లకు ఢిల్లీలోని కాలేయ, పైత్య శాస్త్రాల సంస్థ 127 మందికి మరణానంతరం చేసిన కిడ్నీ బయాప్సీలు చూసి సుమారు 45 శాతంలో ఇవే కాస్టులు ఉన్నాయని చెప్పింది. మోటారుదీ కొంత తప్పు ఉందన్నమాట.

కాస్టే నేరస్థుడా, లేక అక్కడ దొరికిన సాక్షా అన్నది ఇంకా తెగలేదు. కాస్టులుండీ కిడ్నీ నడిచినవాళ్లున్నారు. ఆస్ట్రియాలోని గ్రాజ్ నగరంలో ఫికెర్ట్ బృందం ఎలుకల పైత్యనాళం కట్టి 2013లో చూపించినదాన్ని బట్టి అసలు దెబ్బ పిత్తామ్లాలది. గరుకు రకం పిత్తామ్లాలున్న ఎలుకల కిడ్నీలు చెడితే, నీళ్లలో తేలిగ్గా కలిసే మృదువైన రకం ఉన్నవాటివి నిలిచాయి. ఇంకోవైపు పైత్యం చేరని పేగు నుంచి బాక్టీరియా విషాలు రక్తంలోకి జారి కిడ్నీని కుంగదీస్తాయన్న వాదం ఎప్పటినుంచో ఉంది. వీటిలో ఒక్కదాన్ని పట్టుకుని మిగతావి కొట్టెయ్యడం తొందరపాటే. ఆసుపత్రి మంచం మీది మనిషిలో ఇవన్నీ ఒకేసారి ఉంటాయి. వాంతులతో ఒంట్లో నీళ్లు తగ్గుతాయి, మూత్రం చిక్కబడుతుంది, చిక్కబడ్డ చోట కాస్టు గట్టిపడుతుంది, దాని వెనక సబ్బు నిలుస్తుంది. మామూలుగా డెసిలీటరు రక్తంలో ఒక మిల్లీగ్రాము దగ్గర ఉండే బిలిరుబిన్ 20 దాటి, అక్కడే రెండు మూడు వారాలు కూర్చుంటే ఈ ప్రమాదం బలంగా పెరుగుతుంది. ఎంత పెరిగింది అన్నదానితో పాటు ఎన్నాళ్లు ఉంది అన్నదీ అంతే ముఖ్యం. పసర్లతో, పళ్లేలతో పోయేది సరిగ్గా ఆ రోజులే.

ఇంతకీ అల్పంగా పెరిగిన బిలిరుబిన్ కిడ్నీకి చెడు చెయ్యకపోగా మంచి చేస్తుందేమోనన్న అనుమానం కూడా ఉంది. గిల్బర్ట్ లక్షణం ఉన్నవాళ్లలో బిలిరుబిన్ ఎప్పుడూ కొద్దిగా ఎక్కువే. అలాంటి మధుమేహ రోగుల కిడ్నీలు కాస్త మెరుగ్గా ఉన్నట్టు కొన్ని పరిశోధనలు చెబుతాయి. బిలిరుబిన్ తుప్పును ఆపే గుణం ఉన్న పదార్థం మరి.

మామిడి ప్రాంతంలో ఈ ముప్పు ఎవరికి? వాన పడ్డాక పాదుల్లో, కాలువ గట్ల మీద, వరిచేలో వట్టి కాళ్లతో దిగేవాళ్లకు ముందు చెప్పుకోవలసింది ఎలుక జ్వరం, అంటే లెప్టోస్పైరోసిస్. ఎలుకలు, పశువుల మూత్రం కలిసిన నీళ్ల నుంచి కాలి పగుళ్ల ద్వారా ఒంట్లోకి చేరుతుంది. జ్వరం, పిక్కల నొప్పులు, ఎర్రబడ్డ కళ్లు, ఆ తర్వాత కామెర్లు. ఇందులో కాలేయపు ఎంజైములు పెద్దగా పెరగకపోయినా బిలిరుబిన్ మాత్రం ఆకాశానికి ఎక్కుతుంది, కిడ్నీ కూడా ఆ వెంటే పడుతుంది. సూక్ష్మజీవే కిడ్నీ నాళాల్లో కాపురం పెడుతుంది, పైనుంచి పైత్యం వచ్చి పడుతుంది. మొదటి రోజుల్లో పెన్సిలిన్, డాక్సీసైక్లిన్ లాంటి చవక మందులకే లొంగే జబ్బు ఇది. కళ్లు పచ్చబడ్డాయి కనక "కామెర్లే" అని పసరు పోయించుకోవడానికి వెళ్తే ఆ మొదటి రోజులు పోతాయి.

నీటి ద్వారా పాకే హెపటైటిస్ ఎ, ఇ రెండోది. 1955-56లో ఢిల్లీలో మురుగు కలిసిన నీళ్లు తాగి 29,300 మందికి కామెర్లు వచ్చాయి. 2005లో హైదరాబాద్ పాతబస్తీలో వచ్చిన హెపటైటిస్ ఇ కూడా కుళాయి కథే. ఇవి చాలామందిలో వాటంతట అవే తగ్గుతాయి. కాకపోతే జి6పిడి అనే ఎంజైము లోపం ఉన్నవాడికి ఇవి సోకితే ఎర్ర కణాలు ఒక్కసారిగా పగులుతాయి. బిలిరుబిన్ 50 మిల్లీగ్రాములు దాటి, కిడ్నీ ఆగి, డయాలిసిస్ దాకా వెళ్లిన కేసులు మన దేశపు వైద్య పత్రికల్లో ఉన్నాయి.

తోటలోనే ఇంకో చుట్టం ఉంది. మామిడి మొదళ్లకు పూసే బోర్డో పేస్టులో సున్నంతో పాటు మైలుతుత్తం కలుపుతారు. మైలుతుత్తం కడుపులోకి పోతే ఎర్ర కణాలు పగిలి, కామెర్లు వచ్చి, కిడ్నీ నాళాలు మూసుకుపోతాయి. అక్కడ అడ్డం పడేది పైత్యం కాదు, హిమోగ్లోబిన్. వైద్యుడికి తేడా ముఖ్యం, రోగికి రెండూ ఒకటే బాధ. కలిపిన డబ్బాను వంటింటి చెంబులతో పాటు పెట్టకూడదని చెప్పేది అందుకే. ఇక మద్యం సంగతి చెప్పనక్కర్లేదు. ఇలాంటి కిడ్నీలు ఎక్కువగా కనిపించేది తాగి కాలేయం పాడైనవాళ్లలోనే. వాళ్ల తర్వాత ఈ మధ్య జిమ్ముల్లో కండల కోసం స్టెరాయిడ్లు వేయించుకునే కుర్రాళ్లు చేరారు. ఒళ్లంతా దురద, మండిపోయే పచ్చదనం, కొన్నాళ్లకు కిడ్నీ దెబ్బ. మందు ఆపితే వారాల్లో, నెలల్లో కోలుకున్నవాళ్లు చాలామందే.

నూజివీడుకు వాయవ్యాన ఎ.కొండూరు తండాల పేరు ఎత్తగానే కిడ్నీ జబ్బు గుర్తుకొస్తుంది. అది ఈ పైత్యపు జబ్బు కాదు. అక్కడి లంబాడా కుటుంబాల్లో గానీ, శ్రీకాకుళం ఉద్దానంలో గానీ కనిపించేది కామెర్లు లేకుండా, ఏళ్ల తరబడి చప్పుడు లేకుండా కిడ్నీని ఎండగట్టే జబ్బు. దానికి కారణం ఇంకా కచ్చితంగా తేలలేదు. పైత్యం వల్ల వచ్చేది రోజుల్లో, వారాల్లో ముంచుకొచ్చేది. రంగు చూపించి మరీ వచ్చేది. అయితే ముందే బలహీనపడ్డ కిడ్నీ ఉన్న తండా మనిషికి ఎలుక జ్వరం వస్తే, తట్టుకునే శక్తి తక్కువ. రెండు జబ్బులూ కలిసేది అక్కడే.

ఇక పరీక్షల దగ్గర ఒక మోసం ఉంది. కిడ్నీ ఎలా ఉందో చూడటానికి క్రియాటినిన్ అడుగుతారు. దాన్ని కొలిచే పాత పద్ధతికి ఆధారం మాక్స్ యాఫే 1886లో కనిపెట్టిన రంగు చర్య. రక్తపు ద్రవానికి క్షారంతో పాటు పిక్రిక్ ఆమ్లం కలిపితే నారింజ రంగు వస్తుంది, ఎంత రంగు వస్తే అంత క్రియాటినిన్. చాలా చోట్ల ఇప్పటికీ ఇదే వాడుక. రోగి రక్తమే పసుపు ముద్దగా ఉంటే ఆ రంగు లెక్క తప్పుతుంది, క్రియాటినిన్ ఉన్నదానికన్నా తక్కువగా వస్తుంది. దానికి తోడు కాలేయ రోగి కండలు కరిగి ఉంటాడు, క్రియాటినిన్ తయారయ్యేదే తక్కువ. కాగితం మీద 1.1 అని చూసి "కిడ్నీ బాగుంది" అనుకున్న ఇంట్లో వారం తిరక్కుండా అంబులెన్సు ఆగుతుంది. ఎంజైము పద్ధతిలో కొలిస్తే ఈ తేడా చాలావరకు తగ్గుతుంది. అన్నిటికన్నా చవకైనది, రోజుకు ఎంత మూత్రం వస్తోందో ఇంట్లోనే ఒక సీసాతో కొలవడం. అసలు తేల్చేది కిడ్నీ బయాప్సీ. కాలేయం చెడినవాడికి రక్తం సరిగ్గా గడ్డకట్టదు కాబట్టి సూది వెయ్యడానికి వైద్యులు జంకుతారు. ఈ జబ్బు శవపరీక్షల్లోనే ఎక్కువగా దొరకడానికి అదొక కారణం.

వైద్యం ఎక్కడ మొదలవ్వాలి అన్నదాంట్లో మాత్రం పెద్ద గొడవ లేదు. పైత్యం దారి తెరవాలి. రాయో, గడ్డో అడ్డుంటే గొట్టం లోపలికి పంపి తీసెయ్యడం, స్టెంటు వెయ్యడం. ఈఆర్‌సీపీ అనే ఈ పనిలో హైదరాబాద్ ప్రపంచానికే పాఠశాల అయింది. విశాఖలో పుట్టిన డాక్టర్ డి. నాగేశ్వర్‌రెడ్డి ఆ రంగంలో చేసిన కృషికి 2025లో పద్మవిభూషణ్ వచ్చింది. అడ్డు లేని కామెర్లలో కారణాన్ని ఆపాలి, ఒంట్లో నీళ్లు నింపాలి, నొప్పి మాత్రలు మానాలి. హెపటోరీనల్ సిండ్రోమ్‌కు వాడే టెర్లిప్రెసిన్ మందు బిలిరుబిన్ పది దాటినవాళ్లలో అంతగా పనిచెయ్యదని బార్సిలోనా వైద్యులు 2010లో చెప్పారు. నాళాల్లో కాస్టులుంటే రక్తం ఎంత పంపినా లాభం ఏముంటుంది అన్న ఆలోచనకు అది తోవ తీసింది. మామూలు డయాలిసిస్ క్రియాటినిన్‌ను కడుగుతుంది గానీ అల్బుమిన్‌కు అతుక్కున్న బిలిరుబిన్‌ను పెద్దగా కడగలేదు. దానికి ప్లాస్మా మార్పిడి కావాలి, ఆ ఖర్చు వేరు.

2024లో జర్మనీలోని డార్ట్‌మండ్ నుంచి ఘల్లాబ్, హెంగ్‌స్ట్లర్ బృందం ఒక ఆశ చూపింది. కిడ్నీ మామూలు రోజుల్లో జల్లెడ దాటిన పిత్తామ్లాలను వృథా కానివ్వకుండా మళ్లీ లోపలికి లాక్కుంటుంది. పొదుపుగల ఇల్లాలి అలవాటు. కామెర్లలో ఆ పొదుపే కొంప ముంచుతుంది, లాక్కున్న సబ్బుతో కణం చస్తుంది. లాక్కునే ఆ ద్వారాన్ని మందుతో మూస్తే ఎలుకల కిడ్నీలు నిలిచాయి. మనుషుల దాకా రావాలి.

కోలుకునేటప్పుడు పచ్చ ఒక వరుసలో పోతుంది. ముందు మూత్రం తేటపడుతుంది. కళ్లు మాత్రం ఇంకా పచ్చగానే ఉంటాయి, ఎందుకంటే ఎక్కువ రోజులు కామెర్లున్నవాళ్లలో కొంత బిలిరుబిన్ అల్బుమిన్‌తో విడిపోకుండా ముడిపడిపోతుంది. ఆ అల్బుమిన్ కాలం తీరేదాకా, అంటే రెండు మూడు వారాలు, రంగు అలాగే ఉంటుంది. ఆసుపత్రి నుంచి ఇంటికొచ్చిన మనిషిని చూడటానికి వచ్చినవాళ్లు మొదట చూసేది కళ్లే. "ఇంకా దిగలేదుగా" అంటారు. ఆదివారం పొద్దున్నే బండి కట్టించి పళ్లెం దగ్గరికి తీసుకెళ్తారు. మామిడి బెరడు పసుపు దిగుతుంది. ఇంకో వారానికి కళ్లు తెల్లబడతాయి.